గుండ్ల అర తలుపు మూయించవలసినదిగా

ట్యాంకుల దళాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: యుద్ధ ట్యాంకుల్లో గుండ్ల అర తలుపు తెరిచి ఉంచి పోటీలు జరుపుట ఆపించమని కోరుట గురించి.

తమ దళంలో ఫిరంగికి గుండ్లు అందించి, ప్రస్తుతం వంటశాలకు బదిలీ అయిన సిపాయి భార్యను. విన్నవించుకొనునది ఏమనగా:

1. ట్యాంకులో మనుషులు కూర్చునే చోటుకీ, గుండ్లు పేర్చే అరకీ మధ్య ఇనుప తలుపు కలదు. గుండ్లు అంటుకున్నచో అర పైకప్పు ఊడి మంట పైకి పోవునట్లు కట్టినారు. తలుపు తెరిచి ఉన్నచో ఆ మంట మనుషుల మీదికే వచ్చును. ఇది తమకు తెలియనిది కాదు. "ఎల్లవేళలా మూసి ఉంచవలెను" అని తలుపు మీద బిగించిన పలక కింద సంతకం తమదే.

2. గుండ్లు వేగంగా నింపే పోటీలో కప్పు కొట్టాలని ఆ తలుపును తాడుతో వెనక్కి కట్టేస్తున్నారు. మా ఆయన మాత్రం ప్రతి గుండుకీ తలుపు తీసి, మళ్లీ వేశారు. కప్పు పోయింది. "అనవసర జాప్యమునకు సంజాయిషీ ఇవ్వవలెను" అని మెమో వచ్చింది. దాని కిందా తమ సంతకమే. ఏ సంతకాన్ని నమ్మి కాపురం చేయాలో సెలవివ్వండి.

3. మా ఆయన్ని ఉల్లిపాయలు తరగడానికి పంపారు. మంచిదే, ప్రాణాలతో ఇంటికి వస్తున్నారు. కానీ ఆయన సీట్లో మా మరిదిని కూర్చోబెట్టారు. నెలాఖరు పోటీకి వాడే. చెయ్యి చురుకట, తలుపు జోలికి పోడట. మా అత్తగారు వీధంతా చెప్పుకుని మురిసిపోతున్నారు. ఆవిడకి తలుపు సంగతి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

4. తమ ఆఫీసుకు వస్తే గుమాస్తా, "యుద్ధం కాదు కదమ్మా, పోటీయేగా" అన్నాడు. గుండ్లు నిజమైనవేగా అంటే, "అర్జీ పెట్టుకోండి" అన్నాడు. ఒళ్లు మండిపోతూ పెట్టుకుంటున్నాను. పోటీని తమరు ఇసుక బస్తాల గోడ వెనక కూర్చుని చూస్తారట. ఆ గోడ ఎందుకు కట్టించుకున్నారు సార్?

కావున వెంటనే ఆ తాడు విప్పించవలెను. లేనిచో తమ కుర్చీ మా మరిది పక్కన వేయించుకోవలెను. ఈ రెండింటిలో ఏదో ఒకటి చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ కాగితం వరకే),
వంటశాల సిపాయి భార్య

తా.క.: ఇది రాస్తుంటే మరిది వచ్చి చదివాడు. "నా సంగతి కొట్టెయ్ వదినా. తోటివాళ్ల ముందు తలెత్తుకోలేను" అన్నాడు. "ఎత్తుకోడానికి ముందు తల ఉండాలి కదరా" అన్నాను. నవ్వాడు. చెప్పులేసుకుంటూ, "నాకూ భయంగానే ఉంది. ఎవరితోనూ అనకు" అన్నాడు. తమతో అంటున్నాను. వాడికి భయంగా ఉంది సార్.