నాలుగోసారి తర్వాత

కె.ఆర్.పురం, బెంగళూరు
12 ఆగస్టు 2006

శశికళ వదినగారికి,

ఇక్కడ అందరం బాగున్నామని రాయడానికి చేయి రావడం లేదు. మీ అమ్మాయి వరూధినికి ఈసారి కూడా గర్భం నిలవలేదు. ఇది నాలుగోసారి. ఫోనులో మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆసుపత్రిలో పిండాన్ని లోపల పెట్టిన రోజు నుంచి రెండు వారాలు మంచం దిగలేదు. నడవొచ్చని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. తుమ్మొచ్చినా పొట్ట పట్టుకునేది. మొన్న రక్తపరీక్ష కాగితం చూసి ఏడవలేదు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చని మాత్రం అడిగింది. సూదులు పొడిచిన చోటల్లా గడ్డలు కట్టి, కూర్చోలేకపోతోంది.

పెళ్లయిన కొత్తలో పిల్లల కోసం తొందరపెట్టిందీ, ఆ ఆసుపత్రికి మొదట తీసుకెళ్లిందీ నేనే. నిన్న పక్కన కూర్చుని, "చాల్లేమ్మా, ఇంకీ సూదులొద్దు. నువ్వు బాగుంటే మాకంతే చాలు" అన్నాను.

నా ముఖంలోకి చూసి, "మీరు గూడా ఆశ ఇడిచిపెట్టినారా అత్తా?" అంది.

నువ్వైనా ఆపమని చెప్పరా అని మా అబ్బాయి అశోక్‌కుమార్‌ని అడిగితే, "నేనేం చెప్పేదమ్మా, ఆమె ఇష్టం" అని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఈ పొద్దున తనే వచ్చి, వచ్చే నెల ఆసుపత్రికి తోడు వస్తారా అని అడిగింది. వస్తానన్నాను.

ఈలోగా మీరొకసారి రండి. మీ మాటైనా వింటుందో లేదో నాకు తెలియదు. అయినా రండి.

మీ వదిన