పై వాటా చప్పుళ్ల విషయమై

పై వాటాలో నివసించు శ్రీమతి గారికి,

వానల వల్ల బడులు మూసినప్పటి నుండి తమ వాటాలో ఒక ఈడ్పు శబ్దము, దాని వెనుక ఒక కూత, ఆ వెనుక ఢామ్మని మరొక శబ్దము వచ్చుచున్నవి. ఇది మా దృష్టికి వచ్చినది. సదరు శబ్దముల స్వభావము, కారణము వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు,
విశ్రాంత హెడ్ గుమాస్తా,
కింద వాటా.

తా.క.: ఈడ్చబడుచున్నది కుర్చీయా, బల్లయా అన్నది స్పష్టముగా తెలుపవలెను. ఈ విషయమై ఇక్కడ అభిప్రాయభేదము కలదు.

---

కింద వాటా బాబాయిగారికి నమస్కారాలు.

మీ కాగితం తలుపు కింద నుంచి లోపలికి రాగానే నా గుండె జారిపోయింది. వాటా ఇచ్చేటప్పుడే ఓనరుగారు "కింద పెద్దవాళ్లున్నారు, గొడవ చేస్తే ఖాళీ చేయిస్తా" అన్నారు. మేం దిగి ఎన్నాళ్లో కాలేదు కూడా.

అవి కుర్చీలండీ. రైలాట. ఆరేళ్ల మా పిచ్చుక ఇంజను. నాలుగేళ్ల బుడ్డోడు మిగతా రైలంతా. ఢామ్మన్నది స్టేషను రావడం. వాళ్ల నాన్న లారీ మీద తిరుగుతుంటాడు, ఇంటికెప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. నేను మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టకపోతే కుదరదు. ఈ వానలో పిల్లల్ని వీధిలోకి పంపలేను, ఇంట్లో కట్టేయలేను. తప్పయిపోయింది. రైలు ఈ పూట నుంచి రద్దు చేశాను.

ఇట్లు,
పై వాటా మిషనమ్మాయి.

తా.క.: రైలు రద్దంటే బుడ్డోడు టికెట్టు వెనక్కి తీసుకోమని ఒకటే ఏడుపు. చూస్తే ఆ టికెట్టు నా కొలతల టేపు మొదట్లో ముక్క! అది తెలీక పొద్దున్నుంచీ అదే టేపుతో కొలిచాను. ఈసారి పిల్లలందరికీ నిక్కర్లు బిగుతే.

---

పై వాటా శ్రీమతి గారికి,

తమ జవాబు అందినది. కుర్చీ అని ధ్రువపడినది. రైలు రద్దు విషయమై మా విచారము తెలుపుచున్నాము.

అయితే నిన్నటి నుండి డుబ్, డుబ్ మను కొత్త శబ్దము మొదలై, వానతో పాటు హెచ్చుచున్నది. దీనికి వివరణ కోరడమైనది.

ఇట్లు,
విశ్రాంత హెడ్ గుమాస్తా.

తా.క.: చివరి డుబ్ తరువాత చాలాసేపు ఏడుపు వినబడినది. ఏడ్చినది ఎవరు? ఎందులకు? జవాబు అత్యవసరము.

---

బాబాయిగారికి నమస్కారాలు.

రైలు ఆపేశామని విచారం తెలిపారు. ఎత్తిపొడుపు అర్థమైందండీ.

డుబ్ డుబ్ అంటే కప్పలు. మంచం గట్టు, గచ్చు చెరువు. ఏడ్చింది బుడ్డోడు. దూకి కాదు, దెబ్బ తగిలీ కాదు. మీ కాగితం గుర్తొచ్చి నేనే వీపు మీద ఒకటి వేశాను. వాడు కాసేపు ఏడ్చి మర్చిపోయాడు. నా చెయ్యే ఇంకా మండుతోంది. చినుకు పడిందని కప్ప ఎగరడం కూడా తప్పేనా అనిపించింది. కానీ ఇల్లు ఖాళీ చేయమంటే ఈ వానలో ఈ మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను?

అందుకని పరుపులన్నీ గచ్చు మీద పరిచేశాను. ఇద్దరి కాళ్లకీ మేజోళ్లు తొడిగాను. ఇప్పుడు ఆడేది మూగాట. ముందు నోరు విప్పినవాళ్లు ఓడినట్టు.

ఇట్లు,
మిషనమ్మాయి.

తా.క.: మూగాటలో పిచ్చుక నిన్నటి నుంచీ గెలుస్తూనే ఉంది. అన్నం పెట్టనా అన్నా పలకదు. బతిమాలి బతిమాలి నేనే ఓడిపోయాను.

---

పై వాటా శ్రీమతి గారికి,

గత రెండు రోజులుగా తమ వాటా పరిస్థితి మాకు ఎంతమాత్రము సంతృప్తికరముగా లేదు. ఇచ్చట ఒకరికి భోజనము సహించుట లేదు. తగు చర్య వెంటనే తీసుకొనవలెను.

ఇట్లు,
విశ్రాంత హెడ్ గుమాస్తా.

తా.క.: మేజోళ్ల విషయమై మా అభ్యంతరము ఇందుమూలముగా నమోదు చేయడమైనది.

---

బాబాయిగారికి,

మేజోళ్ల చప్పుడు కూడా వినిపిస్తోందా మీకు? మా పిల్లలు ఊపిరి పీలిస్తే వినిపించట్లేదు కదా?

చర్య తీసుకున్నానండీ. పొద్దున్న బస్సులో ఇద్దరినీ మా అక్క వెంట వాళ్ల ఊరు పంపించేశాను. వానలు తగ్గేదాకా అక్కడే ఉంటారు. మెట్లు దిగేటప్పుడు మీ గుమ్మం దగ్గర బుడ్డోడు వేళ్ల మీద నడిచాడు. నేను చెప్పలేదు, వాడంతట వాడే.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మేం వచ్చినప్పటి నుంచి పిన్నిగారు ఒక్కసారి కూడా గుమ్మంలోకి రాలేదు, పలకరించలేదు. మేమంటే అంత కంటగింపా?

ఇట్లు,
పై వాటాలో ఒంటరిగా,
మిషనమ్మాయి.

తా.క.: ఇక మీకు వినిపించేది కుట్టుమిషనొక్కటే. దానికి కూడా మేజోళ్లు తొడగమంటే కొలతలు పంపండి.

---

అమ్మాయీ,

ఈ ఉత్తరం నాకు నేనుగా రాస్తున్నాను. సరిదిద్దడానికి ఇవాళ ఎవరి మాటలూ లేవు.

మీ పిన్ని గుమ్మంలోకి రాలేదంటే కోపం వల్ల కాదు. మీరు దిగడానికి ముందే స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగకూడదన్నారు. మంచం మీ హాలు కిందే ఉంది. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పిన మనిషి. వాన, మూసిన కిటికీలు, పక్కన నేను. నాతో ఎంతసేపని మాట్లాడుతుంది? మీ పిల్లల చప్పుళ్లు మొదలయ్యాక ఆమె ముఖానికి కళ వచ్చింది. "రైలండీ అది" అంది. కాదు, బల్ల జరుపుతున్నారని నేను పందెం కాశాను. మీ జవాబు చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ, నడుం నొప్పి, ఇక చదవొద్దు అంది.

ఆ ఉత్తరాలన్నీ ఆమె చెబితే నేను రాసినవే. మొదటి దాంట్లో ఆమె చెప్పింది ఇది: "అమ్మాయీ, పిల్లలు భలే ఆడుతున్నారు, అదేం ఆటో మాకూ చెప్పవూ?" ఇలా రాస్తే బాగుండదని నేను సరిదిద్దాను. చివరిసారి, "ఆ మేజోళ్లు తీసేయమను, పాపం, కప్పలకి మేజోళ్లేమిటి? వాళ్ల సందడి లేక నాకు ముద్ద దిగట్లేదు" అంది. దాన్ని నేనేం చేశానో మీ దగ్గరే ఉంది.

నేను మెట్లెక్కి వచ్చి చెప్పి ఉంటే సరిపోయేది. ఆమెని ఒంటరిగా వదిలి రాలేనని సాకు చెప్పుకున్నాను. నిజానికి కాగితం లేకుండా మనుషులతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. మీ ఉత్తరం అందగానే మాత్రం వచ్చాను. మీ తలుపుకి తాళం ఉంది. యూనిఫారాలు ఇచ్చి రావడానికి వెళ్లారని పక్కవాళ్లు చెప్పారు. అప్పటికే కింద అంబులెన్సు వచ్చి ఉంది. మా కూతురు మీ పిన్నిని తన ఇంటికి తీసుకెళ్లింది, అక్కడ చూసుకునేవాళ్లున్నారని. మీ ఉత్తరం ఆమెకి వినిపించలేదు. పిల్లలు ఊరెళ్లారని మాత్రం చెప్పాను. స్ట్రెచరు మీద పడుకునే మీ కిటికీ వైపు చూసి, "ఎప్పుడొస్తారో కనుక్కోండి. అప్పటికి నడక వచ్చేస్తే నేనే మెట్లెక్కి వెళ్తాను" అంది.

మెట్లు ఇక కుదరవని డాక్టరు నాతో అన్నాడు. ఆ సంగతి ఆమెకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అదొక్కటీ ఏ భాషలోనూ చెప్పలేకపోయాను.

పిల్లల్ని పిలిపించు తల్లీ. నేనుండగా వాళ్లని వేళ్ల మీద నడవనివ్వకు.

ఇట్లు,
కింద వాటా బాబాయి.

తా.క.: ఇవాళా వానే. ఇల్లు మరీ మూగగా ఉందని ఒక స్టీలు పళ్లెం నేనే గచ్చు మీద పడేసి చూశాను. పైనుంచి వచ్చిన చప్పుడులా రాలేదు. వంగి తీసి కడిగి మళ్లీ బోర్లించాను.