ఆ రంగు గీకనివ్వను

ఏమండీ,

ముందుగా మీకు నా నమస్కారాలు. ఇక్కడ నేనూ, పాపా, అత్తయ్యా బాగానే ఉన్నాం. ఓడ మీద మీరు కూడా కులాసాగానే ఉన్నారని మీ ఉత్తరం చూస్తేనే తెలిసిపోయింది. ఒంట్లో బాగాలేని మనిషి అంత పొడుగు కోపం రాయలేడు.

పాప దగ్గు తగ్గింది. వెనక గది కిటికీ రెక్క బాగుచేయించాను, ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు. ఇవి మీరు అడిగిన చిన్న ప్రశ్నలు. పెద్దవి రెండున్నాయి. నాన్న చేసిన అల్మరాలకి ఎవరినడిగి రంగు వేశావు అన్నది ఒకటి. ఎప్పుడూ ఉత్తరం చివర అమ్మ తన చేత్తో రాసే నాలుగు ముక్కలు ఈమధ్య ఎందుకు ఉండటం లేదు అన్నది రెండోది. మొదటిదానికి ఇప్పుడే చెబుతాను. రెండోదానికి కాస్త ఓపిక పట్టండి.

మిమ్మల్ని అడగలేదు. మీ అక్కయ్యగారిని అసలే అడగలేదు. పొద్దున లేచింది మొదలు ఆ వంటింట్లో నిలబడేది మీ అమ్మా, నేనూ. మేమిద్దరం అనుకున్నాం, వేశాం. మీరు సెలవులకి వచ్చినప్పుడు ఆ వంటింట్లో చేసేదల్లా మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందని అడగడం. దానికి ఇంత అధికారం ఎక్కడిదండీ?

వచ్చే నెల వచ్చి ఆ రంగంతా గీకించేసి మళ్లీ నల్ల పాలిష్ పెట్టిస్తానని రాశారు. ఆ రభస అయ్యేదాకా అమ్మని అక్క దగ్గర ఉంచుతాను, అక్కడే అలవాటైతే ఉండిపోనీ, ఈ వయసులో ఆవిడకి వంటిల్లెందుకు అని కూడా రాశారు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే రాస్తున్నాను. ఆ రంగు గీకనివ్వను. అత్తయ్యని పంపను. మీరు కోప్పడితే కోప్పడండి, మాట్లాడకపోతే మానెయ్యండి. సముద్రం మీద ఉన్నప్పుడు ఎలాగూ మాట్లాడటం లేదు కదా, నాకు అలవాటే.

ఇక ఆ ఖరీదైన రోజ్‌వుడ్ చెక్క సంగతి. "నాన్న రోజ్‌వుడ్‌తో చేసిన పనిని పాడుచేశావు" అని రాశారే, ఆ వాక్యం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నవ్వి పొలమారి, నేను వీపు తట్టాల్సి వచ్చింది.

"రోజ్‌వుడ్డా? వాడికి ఎవరు చెప్పారే?"

"మామయ్యే చెప్పారటండీ, చిన్నప్పుడు."

"చెప్తాడు, చెప్తాడు. ఊళ్లోవాళ్లందరికీ మంచాలూ బల్లలూ చేసి, మిగిలిన ముక్కలన్నీ ఇంటికి పట్టుకొచ్చాడు. ఒక తలుపు టేకు, ఒక తలుపు మామిడి, ఆ మూల సొరుగు సామాన్ల పెట్టె చెక్క. ఒకదాని రంగు ఒకదానికి కలవక బొంతలా ఉంటే, నల్ల పాలిష్ వేసెయ్, ఎవడికీ తెలీదు అన్నాడు. ఆ పాలిష్ కలిపింది ఎవరనుకున్నావ్? నేనే. చేతులకి అంటుకుని ఎన్నాళ్లకీ పోలేదు."

కాబట్టి మీ నాన్నగారి పరువు నేనేమీ తియ్యలేదు. పైన పటారం, లోన లొటారం అన్న సంగతి మీ అమ్మకి మొదటినుంచీ తెలుసు. ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటే ఒక్కో తలుపు ఒక్కో రంగులో బయటపడింది. నాకు మామయ్య మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. ముక్కలతో అంత నిక్కచ్చిగా అతికించారంటే మామూలు పనితనం కాదు. మీకు మాత్రం నిజం తెలియాలని రాస్తున్నాను. రోజ్‌వుడ్ పేరు చెప్పి నన్ను తిట్టడం ఇక కుదరదు.

పని తేలిగ్గా అయిందనుకోకండి. తలుపులన్నీ బందులు ఊడదీసి వరండాలో పరిచాం. ఇన్నేళ్ల పోపు జిడ్డు సోడా నీళ్లతో కడిగితే నల్లగా కారింది. రంగుల షాపాయన "ఒక్క పూత చాలమ్మా, గోడకి వేసినట్టు వేసెయ్యండి" అన్నాడు. మీగడ రంగు డబ్బా కొన్నాను. వేశాను. ఎంత బాగుందో! వంటిల్లు రెండింతలు పెద్దదైనట్టు అనిపించింది. ఇల్లలకగానే పండగ కాదని మర్నాడు పొద్దున తెలిసింది. మీగడ రంగులోంచి ఎర్రటి మచ్చలు తేలాయి, ఒంటిమీద దద్దుర్లు లేచినట్టు. అడుగున ఉన్న పాత పాలిష్ రంగులోకి ఊరి పైకి వచ్చేసింది.

నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య వచ్చి తలుపు మీద వేలితో రుద్ది చూసింది.

"మీ మామయ్య ఒప్పుకోవట్లేదే. బతికున్నప్పుడూ అంతే. దేనికైనా సరే, మొదటిసారి అడిగితే కాదనేవాడు."

"మరి ఏం చేసేవారండీ?"

"రెండోసారి అడిగేదాన్ని. వెళ్లి స్పిరిట్టు, లక్క తీసుకురా. ముందు దాన్ని మూసెయ్యాలి."

లక్క పూసి పాత పాలిష్ నోరు మూయించి, ప్రైమర్ కొట్టి, మళ్లీ రంగు రెండు పూతలు వేశాం. ఈసారి మామయ్య ఒప్పుకున్నారు.

మీ అక్కయ్యగారు వచ్చింది ఆ తరువాత. తలుపుల్లో సగం పని అయింది, సగం ఇంకా వరండాలో ఉన్నాయి. వదిన చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"ఇదేం ఖర్మే! నాన్న ఉంటే గుండె పగిలి ఉండేది."

"మీ నాన్న గుండె అంత మెత్తది కాదులే, లోపలికి రా" అంది అత్తయ్య.

"తెల్లగా వేశారు సరే, గాడుల్లో ఆ మురికేంటి? అంచులన్నీ మసి పట్టినట్టున్నాయి. తుడవడం కూడా చేతకాలేదా నీ కోడలికి?"

తరువాత వదిన అత్తయ్య నుదుటి మీద బొప్పి చూసింది. ఎలా తగిలిందమ్మా అంటే, తలుపు తగిలిందే అంది అత్తయ్య. అప్పుడు వదిన నావైపు ఎలా చూసిందో మీకు రాయలేను. రంగుల పిచ్చిలో పడి అత్తని గాలికొదిలేసిందని మీకు రాసింది కదా. మీకే కాదు, దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది. వదిన నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి ఆవిడ మూడు రోజులు నన్ను చూసి మొహం తిప్పుకుంది. అన్నీ విన్నాను, నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పుడు చెబుతాను. మీరు కూర్చుని చదవండి.

అత్తయ్యకి చూపు పోతోందండీ.

మొన్నటి వర్షాల ముందు నుంచి చూస్తున్నాను. పొద్దున్నే వంటింట్లో ఆ నల్ల అల్మరాల ముందు నిలబడి, తలుపుల మీద అరచేత్తో మెల్లగా నిమిరేది. దుమ్ము తుడుస్తోంది కాబోలు అనుకున్నాను. ఆవిడ పిడి కోసం వెతుక్కుంటోంది. నలుపు మీద నల్ల పిడి, ఆవిడకి అంతా ఒకే చీకటి. ఒకరోజు వేడి పాలగిన్నె పొయ్యి గట్టు అంచు దాటించి గాల్లో పెట్టింది. పాలు కాళ్ల పక్కన పడ్డాయి, అదృష్టం. ఆవిడ కింద కూర్చుని పాలు తుడుస్తూ, తల ఎత్తకుండా, "నాకు పక్కలు కనబడట్లేదే అమ్మాయ్" అంది.

పాపని బడిలో దింపి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కంటి నరం దెబ్బతింది, పోయిన చూపు రాదు, చుక్కలు వేస్తూ ఉంటే ఉన్నది నిలబెట్టొచ్చు అన్నాడు. ఇంకా ఒక మాట అన్నాడు. ఇంట్లో వెలుతురు పెంచండి, వస్తువు ఒక రంగు, దాని అంచు ఒక రంగు ఉండేలా చూడండి, అప్పుడు తన పని తను చేసుకోగలదు అని. బయటికి వచ్చి మెట్ల మీదే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"నా కూతురికి చెప్పకు. నీ మొగుడికీ చెప్పకు. చెప్తే అది వచ్చి తీసుకుపోతుంది. మంచిదే పాపం, కుర్చీలో కూర్చోబెట్టి మూడు పూటలా నోటికందిస్తుంది. కాలు కింద పెట్టనివ్వదు. నేను ఆ కుర్చీలోనే పోతాను."

నేను మాటిచ్చాను. అందుకే రంగు. నాకు సరదా పుట్టి కాదు, పక్కింటివాళ్లని చూసి వాత పెట్టుకోవడమూ కాదు.

మీగడ రంగు వేసి తలుపులు బిగించాక వెలుతురైతే వచ్చింది కానీ, ఇంకో చిక్కు వచ్చింది. తలుపూ గోడా అన్నీ ఒకే తెలుపు. తెరిచి ఉన్న తలుపు ఆవిడకి కనబడలేదు. ఆ బొప్పి అప్పుడు కట్టిందే. తప్పు నాది, తొందరపడ్డాను. మర్నాడే తలుపులు మళ్లీ ఊడదీసి, షాపుకి వెళ్లి అడిగితే గ్లేజ్ అని ముదురు గోధుమ రంగుది ఇచ్చాడు, నీళ్లలా పల్చగా ఉంటుంది. తలుపంతా పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచెయ్యాలి. చదునుగా ఉన్నచోట పోతుంది, గాడుల్లో, అంచుల్లో నిలబడుతుంది. మొదటి తలుపు నేను తుడిచేలోపే ఆరిపోయి కాఫీ ఒలికినట్టు తయారైంది. అత్తయ్య నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"నువ్వు పుయ్యి, నేను తుడుస్తాను. ఈ గాడులన్నీ ఉప్పుకాగితం పెట్టి రుద్దింది నేనే."

కళ్లతో పని లేకుండా తుడిచిందండీ. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని, ఒక్కో అంచు వెంబడి లాగుతూ పోయింది. ఆరాక మళ్లీ బందులు బిగించి, పిడులకి కూడా అదే ముదురు రంగు వేశాం. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి, "అదిగో ఉప్పు తలుపు, అది పప్పుల తలుపు, అది సొరుగు" అని వేలెత్తి చూపించింది. ఒక్కటి తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడలేదులెండి.

మీ అక్కయ్యగారు చూసిన మురికి అదీ. ఆ గీతలు పట్టుకునే మీ అమ్మ ఈ రోజు పొద్దున తన కాఫీ తను పెట్టుకుంది, నాకూ ఇచ్చింది. మీరు వచ్చి అవి గీకించి నల్ల పాలిష్ పెట్టిస్తే, ఆవిడని ఆ చీకట్లోకి మీ చేత్తో నెట్టినట్టే. అప్పుడు మీ అక్కయ్య రానక్కర్లేదు, ఆ కుర్చీ ఏదో మీరే తెచ్చెయ్యండి. కాదంటారా? అయితే ఇంకెప్పుడూ గీకడం మాటెత్తకండి. వదినకి కూడా రాస్తాను. అమ్మని చూడాలంటే వచ్చి చూడమనండి, నాలుగు రోజులుండమనండి, ఆవిడ చేతి కాఫీ తాగమనండి. తీసుకెళ్లడానికైతే మాత్రం రావద్దనండి.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా వచ్చేసింది. ఆవిడ రాయట్లేదు, ఎందుకంటే గీత కనబడక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వాడు చూసి కంగారు పడతాడని మానేసింది.

ఇదంతా దొంగచాటుగా రాయలేదు. ఇచ్చిన మాట ఆవిడ దగ్గరే వెనక్కి తీసుకున్నాను. "మీ అబ్బాయి మిమ్మల్ని పంపిస్తానంటున్నాడు, ఇక చెప్పకపోతే కుదరదు" అన్నాను. కాఫీ గ్లాసు కడిగి బోర్లించింది. తరువాత, "రాసెయ్. కానీ ఏడవొద్దని రాయి. ఓడ మీద మగాళ్లంతా నవ్వుతారు" అంది. ఇప్పటిదాకా రాసింది చదివి వినిపించాను. పాలు పడిన సంగతి తీసెయ్యమంది. తియ్యలేదు.

మీరు వచ్చే రోజు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, ఓడ దిగి ఇంటికి వస్తే మీరు నోరెత్తరు. చప్పుడు చెయ్యకుండా వచ్చి, వంటింటి గుమ్మంలో నవ్వుతూ నిలబడతారు. మీ అమ్మ వెనక్కి తిరిగి మిమ్మల్ని చూసి ఉలిక్కిపడి గరిటె వదిలెయ్యాలి, అదీ మీ సరదా. ఈసారి అలా నిలబడకండి. ఆవిడ తిరుగుతుంది, మీవైపే చూస్తుంది, మళ్లీ తన పనిలో పడుతుంది. అది మీరు తట్టుకోలేరు. గుమ్మంలో కాలు పెట్టగానే "అమ్మా" అని గట్టిగా పిలవండి.

ఇట్లు,
మీ అమ్మ కోడలు.