మా ఇంటికి కుక్క

అయినా సుజాతా, ఒక్క కుక్కను ఇవ్వడానికి ఈ కుక్కల షెల్టర్ వాళ్లవి ఇన్ని ప్రశ్నలా? మన పెళ్లిచూపుల్లో మీ నాన్న కూడా ఇన్ని అడగలేదు. నువ్వు ముద్దుచేసే రకమే, నల్లది, ఒక చెవి వాలి ఉంటుంది. రేపటిలోగా ఎవరూ తీసుకెళ్లకపోతే షెల్టర్‌లో సూది వేసి చంపేస్తారట.

అలవాటుకొద్దీ "మా ఇల్లు" అనుకుంటూ "అవర్ హౌస్" అన్నాను. అక్కడి మేడమ్ పట్టేసింది. "అయితే ఇంట్లో వాళ్లందరూ వచ్చి కుక్కను చూడాలి" అంది.

తెలుగులో ఒంటిగాడు కూడా "మా ఇల్లు" అనే అంటాడని చెప్పాల్సింది. "మా ఆవిడకు ఒంట్లో బాలేదండీ" అనేశాను. నువ్వు పోయి ఏడాదవుతోంది, నీకింకా తగ్గలేదు.

నీ సంవత్సరీకానికి వచ్చిన అమ్మాయి వంటింట్లోంచి కేకేస్తోంది. "నాన్నా, షెల్టర్ నుంచి ఫోన్! అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ఏం చెప్పావ్ వాళ్లకి?"

నువ్వు లేవని ఇంతవరకూ ఎవరికీ నా నోటితో చెప్పలేదు. ఇప్పుడా నల్లదాని కోసం చెప్పాలి. వంటింట్లోకెళ్లి అమ్మాయి చేతిలోంచి ఫోన్ తీసుకుంటున్నాను.