అమ్మ ముట్టనివ్వని వంతెన

అన్నా,

నువ్వు ఫ్రాన్సు యుద్ధానికి ఓడెక్కి ఇవాళ్టికి మూడేళ్లు. నువ్వు పోయావని కాగితం వచ్చినా అమ్మ నమ్మలేదు. ఆట ఇటుకలతో నువ్వు కట్టిన వంతెనను వచ్చి సరిచేస్తావని ఎవరినీ ముట్టనివ్వలేదు.

పొద్దున నీ కూతురు కనకం దాన్ని మొత్తం విప్పేసింది.

అమ్మ చెయ్యెత్తింది. "ఏందే నువ్వు చేసింది? నా బిడ్డ కట్టింది యాడుందే ఇంక?"

"కమాను ఒరిగిపోతాంది అవ్వా. నాయన వంతెన కాళ్లు దూరంగా పెట్టినాడు," అంది కనకం.

అమ్మ ఎత్తిన చెయ్యి దించింది. కనకం కాళ్లు దగ్గరికి జరిపి, ఒక్కో ఇటుకా మళ్లీ పేర్చింది. కమాను కింద ఆనించిన చెక్కను మెల్లగా లాగేసింది.

కమాను నిలిచింది.

అమ్మ వంగి, వంతెనను ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"మీ నాయన బతికుంటే మురిసిపోయుండునే," అంది.