రాణికి బెల్లం

నాన్నా,

నువ్వు ఊరేగింపులకు తిప్పిన మన గుర్రం రాణి ముసలిదైపోయింది. ఎండలు ముదిరినా బొచ్చు రాల్చలేదు, కాళ్లు కదపలేకపోయింది. టెక్కలి నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశారు. తలలో ఏదో గ్రంథి చెడిందట, అందుకే డెక్కలు వాచాయట. ఈ జబ్బుకి తీపి విషమన్నారు. నువ్వు పోయాక, నీలాగే రోజూ పొద్దున్నే బెల్లం పెడుతూ వచ్చాను. నీ సంవత్సరీకం నాడు పరమాన్నం కూడా ముందు దానికే పెట్టాను.

మాత్రలు వేశాం. జీడితోటలో మెత్తటి ఇసుకలో ఉంచాం. నిన్నటి నుంచి లేవలేదు. ఇక బాధపడకుండా సూది వేసి పంపించేద్దామన్నారు డాక్టరు. అమ్మ నా మొహం చూసింది. సరేనన్నాను.

ఆయన సూదిలోకి మందు ఎక్కిస్తుంటే అమ్మ ఆయన్ని అడిగింది: “ఇప్పుడైనా దానికి బెల్లమెట్టొచ్చా బాబూ?”

“ఎట్టండమ్మా. ఇంకేటీ అవదు.”

డబ్బాలో ఉన్నదంతా నా చేతిలోంచే తింది.

చెయ్యి కడుక్కోకుండానే ఇది రాస్తున్నాను. కాగితం అంటుకుంటోంది.