దిమ్మల మీద కారు

నా ప్రియమైన ఉపన్యాసకుడా,

నీ ఉత్తరం అందింది. దూరాన కంపెనీ ఉద్యోగంలో కూర్చుని, "కారు విడిభాగాలుగా అమ్ముతావో, మొత్తంగా అమ్ముతావో నీ ఇష్టం" అని రాశావు. ఎంత ఉదారం! ఏళ్ల తరబడి కింది గదిని ఆక్రమించిన ఆ పాత కారు మీద నాకు హక్కు దక్కడం ఇదే మొదలు. అదీ ఎప్పుడు? మెట్లెక్కలేని మా అమ్మను ఆసుపత్రి నుంచి తెచ్చి ఆ గదిలో పడుకోబెట్టాల్సిన వారంలో.

సరే, వాదించుకుందాం. మొత్తంగా అమ్మాలంటే కారు బయటికి రావాలి. చక్రాలు ఊడదీసి, దిమ్మల మీద నిలబెట్టి, జల్లు పడుతోందని వీధివైపు గోడ కట్టించిన మహామేధావివి నువ్వు. అది వచ్చేదెలా? పోనీ విడదీద్దామంటే, తుక్కు షావుకారు వచ్చి చూశాడు. "హెడ్‌లైట్లూ, గేర్‌బాక్సూ ఎగరేసుకుపోతారమ్మా. మిగతాది కోసెయ్యడమే" అన్నాడు. నేను ఊఁ అంటే చాలు, "ప్రాణంగా చూసుకున్నాను, మా ఆవిడ ముక్కలు చేయించింది" అని జీవితాంతం చెప్పుకుంటావు. గోడ కూలిస్తే ఇల్లు కూల్చినదాన్ని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తోసినవాడు మాత్రం ప్రజాస్వామికవాది!

ఆడవాళ్ల చాకిరీ గురించి మనమిద్దరం ఒకే వేదిక మీద గొంతు చించుకున్నాం. మగవాడి సరదాకి ఇంట్లో గది దొరుకుతుంది, ఆడదాని అవసరం సర్దుకుపోవాలి. పోయినసారి అమ్మ వచ్చినప్పుడు మెట్ల కింద మంచం వేశాం. "నాకేం, అల్లుడిగారి కారుకి తగలకుండా పడుకుంటాలే" అంది. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆదివారంలోగా నువ్వే తేల్చి రాయి.

నీ తోటి వక్త

నా మౌనమునీ,

ఆదివారం దాటాక నీ జవాబు వచ్చింది. "తొందరపడకు." అంతే!

మేస్త్రీని పిలిచాను. "దీనికి పునాదే లేదమ్మా, సారు ఎవరిచేత కట్టించారో గానీ" అని నవ్వి, పూట తిరక్కుండా గోడ పడగొట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మ కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేసింది. "నెమ్మదయ్యా, అద్దానికి గీత పడితే అల్లుడిగారు మళ్లీ సభ పెడతారు!"

నేను కారు విడదీయలేదు. అమ్మెయ్యనూ లేదు. క్రేనుతో లేపి, ఒక్క మరమేకు పోకుండా లారీ ఎక్కించాను. కంపెనీ నీకిచ్చిన గది ముందు వరండా ఉందిగా? ఈ ఉత్తరంతోపాటే కారూ అక్కడికి చేరుతుంది. దించడానికి మనుషుల్ని పెట్టుకో. డ్రైవరు తొందర మనిషి, నీ ప్రసంగం వినడు. అమ్ముతావో, విప్పుతావో, దానితోనే కాపురం చేస్తావో, తేల్చాల్సిన మనిషి ఇక దాని పక్కనే ఉంటాడు.

గోడ ఉన్నచోట తలుపు పెట్టిస్తున్నాను. వచ్చినప్పుడు తట్టు. గది మా అమ్మది, ఆవిడే తీస్తుంది.

ఇట్లు,
నీతో వాదన ముగించిన నీ భార్య